ఫిన్లాండ్ మొక్కిలో వేసవి గడపడం ఎలా

ఫిన్లాండ్‌లో ఊరికి దూరంగా, సరస్సు గట్టునో అడవి అంచునో కట్టుకునే చిన్న చెక్క ఇంటిని 'మొక్కి' అంటారు. వాళ్లు పలికేటప్పుడు మొదటి అచ్చు ఒకారానికీ ఎకారానికీ మధ్య ఎక్కడో జారుతుంది. అది మన నోటికి తిరగదు కనుక మొక్కి అనే అనుకుందాం. "ఈ వేసవికి నువ్వు వస్తే మొక్కికి వెళదాం" అని మా అమ్మతో ఫోనులో అన్నప్పుడు, "ఎవరికి మొక్కి?" అని అడిగింది. తీరా వచ్చాక, బావిలో నీళ్లు తోడుకోవాలనీ, కట్టెల పొయ్యి రాజేసుకోవాలనీ, మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుందనీ తెలిసి, "వీటిని తప్పించుకోవాలనే కదురా నిన్ను చదివించింది" అంది.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నాలుగైదు వేసవులు గడిచాక ఇప్పుడుంది. మొక్కిలో మనిషికి సేద దొరికేది ఆ పనుల వల్లనే. కట్టె మీద గొడ్డలి వేస్తే చీలుతుంది, బావిలో చేద వేస్తే నిండుతుంది. ఆఫీసు పనిలో ఈ రెండూ జరగవు. అందుకే ఈ వ్యాసంలో చూడదగ్గ ప్రదేశాల పట్టిక ఉండదు. వారం రోజులు ఒకే చోట కుదురుగా ఎలా ఉండాలో, ఆ ఇంటిని ఎలా నడుపుకోవాలో మాత్రం చెబుతాను.

ఈ దేశంలో జనం 56 లక్షలు, వేసవి మొక్కిలు దాదాపు 5 లక్షలు. సరస్సులు 1,88,000 అంటారు. పన్నెండు సెంట్ల జాగా పట్టే కుంటను కూడా లెక్కేస్తే వచ్చిన సంఖ్య అది. జూలైలో రాజధాని హెల్సింకి వీధులు సంక్రాంతి నాటి హైదరాబాద్‌లా ఖాళీ అవుతాయి. అందరూ వెళ్లేది మొక్కికే. సొంతం లేనివాళ్లకు అద్దెకు దొరుకుతాయి.

ముందు ఏ మొక్కి కావాలో తేల్చుకోండి

అద్దె మొక్కిల్లో స్థూలంగా మూడు రకాలు చూస్తారు. మొదటిది నగరంలోని ఫ్లాటును తెచ్చి అడవిలో పెట్టినట్టుంటుంది: కుళాయి నీళ్లు, గిన్నెలు కడిగే యంత్రం, పెద్ద టీవీ. రెండోదానిలో కరెంటు ఉంటుంది, నీళ్లు బావిలోంచి తెచ్చుకోవాలి, మరుగుదొడ్డి బయట, సౌనా అనే ఆవిరిస్నానపు గది సరస్సు ఒడ్డున. మూడోదానిలో కరెంటు కూడా ఉండదు. ఉంటే పైకప్పు మీద చిన్న సౌర పలక, గ్యాసుతో నడిచే ఫ్రిజ్. నా మాట వింటే రెండోదాన్ని తీసుకోండి. మొదటి రకంలో మీరు ఇంట్లో చేసే పనులే మళ్లీ చేస్తారు, అద్దె మాత్రం ఎక్కువ. మూడోది బాగానే ఉంటుంది కానీ తొలిసారి వెళ్లేవారికి, అందులోనూ పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవారికి, కొంచెం కష్టం.

వెతకడానికి నెట్టిమొక్కి, లోమరెంగస్ లాంటి సైట్లు ఉన్నాయి. ఫొటోలు చూసి మురిసిపోకుండా వివరాలు చదవండి. సరస్సు ఒడ్డు ఆ ఇంటి సొంతమా, పొరుగువారితో పంచుకోవాలా? ఒడ్డు ఇసుకదా, రాళ్లదా, బురదదా? పిల్లలుంటే ఇది చాలా ముఖ్యం. తెడ్ల పడవ అద్దెలో కలిసి ఉందా? కట్టెలు ఇస్తారా? తాగే నీళ్లు అక్కడే దొరుకుతాయా, క్యాన్లతో మోసుకెళ్లాలా? దగ్గరి దుకాణం ఎన్ని కిలోమీటర్లు? ఇరవై కిలోమీటర్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. దుప్పట్లు, తువ్వాళ్లు చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి. వెళ్లేముందు ఇల్లు శుభ్రం చేయడం కూడా మన పనే. వద్దనుకుంటే విడిగా డబ్బు కట్టాలి. నడివేసవిలో ఎక్కువమంది శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు. జూలై వారాలు చలికాలంలోనే అమ్ముడైపోతాయి.

ఏ ప్రాంతం అంటే, మొదటిసారికి సైమా సరస్సు చుట్టుపక్కల వెతకమంటాను. సుమారు 4,400 చదరపు కిలోమీటర్లతో దేశంలో అతి పెద్ద సరస్సు అదే. నిజానికి అది ఒకటి కాదు, వేల దీవుల మధ్య చిక్కుపడ్డ అనేక నీటి పాయలు. ప్రపంచంలో మరెక్కడా లేని సైమా సీలు అనే నీటి జంతువు, కొన్ని వందలే మిగిలినది, ఆ నీళ్లలోనే ఉంటుంది. హెల్సింకి నుంచి మిక్కెలి పట్టణానికి రైలులో మూడు గంటల లోపే చేరవచ్చు. అక్కడి నుంచి మాత్రం కారు తప్పదు. బస్సు నమ్ముకుని మొక్కికి వెళితే చివరి ఎనిమిది కిలోమీటర్లు పెట్టెలు ఈడ్చుకుంటూ మట్టిరోడ్డు మీద నడవాల్సి వస్తుంది. ఇండియా నుంచి వచ్చేవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోండి. ఇక్కడ బండి కుడివైపు నడపాలి, పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండాలి. సంధ్యవేళ దుప్పి జాతి పెద్ద జంతువులు రోడ్డుకు అడ్డం వస్తాయి. వాటి కాళ్లు పొడుగు. కారు గుద్దితే ఒళ్లంతా అద్దం మీదకే వచ్చి పడుతుంది. నెమ్మదిగా వెళ్లండి.

వీసా సంగతి క్లుప్తంగా: షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టవచ్చు, 15 రోజుల ముందైనా పెట్టాలి. 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. మొక్కి బుకింగు రసీదు బసకు ఆధారంగా పనికొస్తుంది.

జూన్, జూలై, ఆగస్టు: మూడూ ఒకటి కావు

జూన్‌లో వెలుగు తనివితీరా ఉంటుంది. హెల్సింకిలోనే రాత్రి పదకొండు కావస్తుంటే సూర్యుడు దిగుతాడు, నాలుగు కాకముందే మళ్లీ వచ్చేస్తాడు. మధ్యలో ఉండేది చీకటి కాదు, మసక. కానీ సరస్సు నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి, దోమలు మంచి ఊపు మీద ఉంటాయి. జూలై అందరి నెల: నీళ్లు ఒక్కోసారి 20 డిగ్రీలు దాటుతాయి, అద్దెలూ దాటుతాయి. నాకు ఇష్టమైనవి ఆగస్టు మొదటి రెండు వారాలు. నీళ్లలో వేడి ఇంకా ఉంటుంది, దోమలు తగ్గుతాయి, అడవిలో పళ్లు పండుతాయి, రాత్రిళ్లు చీకటి తిరిగొస్తుంది. బడులు తెరిచే వేళకు అద్దెలూ దిగుతాయి.

ఏ నెలలో వెళ్లినా వాన మాత్రం పడుతుంది. ఒకరోజు 27 డిగ్రీలు, మర్నాడు 13. కాబట్టి పెట్టెలో స్వెట్టరు, వానకోటు, రబ్బరు బూట్లు తప్పకుండా పెట్టండి. కళ్లకు కట్టుకునే నల్లగుడ్డ, తలకు కట్టుకునే టార్చి, దోమల మందు కూడా. ఈ దోమలు మన దోమల కంటే పెద్దవి, మందకొడివి, మలేరియా మోయవు. కానీ వందల్లో వస్తాయి. పొడుగు చేతుల లేత రంగు చొక్కా, గాలి ఆడే చోట కూర్చోవడం, ఈ రెండూ సగం మందుతో సమానం.

అసలు భయపడాల్సింది పేలు లాంటి చిన్న పురుగుకు. పున్‌క్కి అంటారు, మన పశువులకు పట్టే గోమారి వంటిదే. గడ్డిలోంచి కాలికి ఎక్కి చర్మాన్ని పట్టుకుంటుంది. తీరప్రాంతాల్లో, దీవుల్లో, సరస్సుల పక్కన బాగా ఉంటుంది. రోజూ రాత్రి సౌనాకు వెళ్లేముందు ఒళ్లంతా వెతుక్కోండి: మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక, తల వెంట్రుకల మొదట్లో. కనబడితే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగేయండి. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఈ పురుగు మెదడువాపును కూడా తేగలదు. దానికి టీకా ఉంది, మొదటి రెండు మోతాదుల మధ్య ఒకటి నుంచి మూడు నెలల ఎడం కావాలి కనుక వేసవి వచ్చాక తలచుకుంటే లాభం లేదు.

చేరిన సాయంత్రం చేయాల్సినవి

తాళం తీయగానే ముందు ఫోనులో '112 సువోమి' అనే యాప్ వేసుకోండి. ఆపద వచ్చి దానిలోంచి ఫోను చేస్తే మీరున్న చోటు అత్యవసర కేంద్రానికి తానే తెలియజేస్తుంది. అడవిలో "ఎర్ర ఇల్లు, పక్కన చెట్లు" అని గుర్తు చెబితే దేశంలో సగం ఇళ్లు అవే. ఇంటి చిరునామాను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. చాలాచోట్ల ముందే అంటించి ఉంటుంది.

తర్వాత బావి. మూత తీసి, చేద వేసి, రెండు బకెట్లు నింపి ఇంట్లో పెట్టండి. యజమాని తాగవచ్చని చెప్పిన బావి నీళ్లే తాగండి. సరస్సు నీళ్లు స్నానానికి, సౌనాకు, గిన్నెలకు.

తర్వాత హూస్సి, అంటే పెరటి చివరి చెక్క మరుగుదొడ్డి. తలుపు మీద హృదయం ఆకారంలో చిన్న కన్నం ఉంటే అదే. లోపల ఒక బకెట్టులో చెక్కపొట్టు, బెరడు ముక్కలు కలిపిన పొడి ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ ఒక గరిటెడు చల్లాలి. చల్లితే వాసన రాదు, నమ్మండి. నీళ్లు పోయకూడదు, పోస్తే ఎరువు కావాల్సింది కంపు అవుతుంది. మనకు నీళ్లు లేనిదే కుదరదు కనుక మేము బయట ఒక చెంబు, బకెట్టు పెట్టుకుని, దూరంగా నేల మీద కడుక్కోవడం అలవాటు చేసుకున్నాం. మా అమ్మ రెండో రోజుకే తన చెంబును ఎవరూ ముట్టకూడదని కట్టడి చేసింది.

చివరగా కట్టెల కొట్టం. ఫిన్లాండ్‌లో కట్టెలంటే బర్చ్ చెట్టువే. తెల్లటి బెరడు, నిలకడైన మంట. ఆ బెరడు తడిగా ఉన్నా అంటుకుంటుంది. చీల్చిన కట్టెల మీది బెరడునే ఒలవాలి, నిలబడ్డ చెట్టును ముట్టకూడదు. పొయ్యి వెలిగించే ముందు పొగగొట్టం పలక తెరిచి ఉందో లేదో చూడండి. నేను చూడలేదు. రెండు నిమిషాల్లో ఇల్లంతా పొగ. "గొట్టం మూసి పొయ్యి వెలిగించేవాడివి ఇంజనీరువు ఎలా అయ్యావురా" అని అమ్మ తలుపులన్నీ తెరిచింది. ఇది నవ్వుకునే తప్పు. దీనికి తలకిందులైన తప్పు ప్రాణాల మీదకు వస్తుంది: వేడి పోకుండా ఆపాలని నిప్పులు ఆరకముందే పలక మూసేయడం. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. బొగ్గుల్లో ఒక్క నీలి మంట మిణుకుమన్నా పలక మూయకండి.

సౌనాను తొందరపెట్టకండి

ఈ దేశంలో సౌనాలు సుమారు 30 లక్షలని అంచనా. ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని యునెస్కో 2020లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. నగరంలో అపార్ట్‌మెంటు కింద కరెంటుతో వేడెక్కే సౌనాకూ, సరస్సు ఒడ్డున కట్టెలతో వేడెక్కే సౌనాకూ కుక్కరు అన్నానికీ కట్టెల పొయ్యి మీద వార్చిన అన్నానికీ ఉన్నంత తేడా ఉంది.

సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టండి. సరస్సు నుంచి నీళ్లు మోసి, నీళ్ల తొట్టి నింపి, రాళ్ల పొయ్యిలో కట్టెలు పేర్చి అంటించండి. గంట, గంటన్నర పడుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు కట్టెలు వేయాలి. ఈ గంటన్నర ఏమి చేయాలని అడగకండి. అరుగు మీద కూర్చుని పొగ ఎటు పోతోందో చూడడమే. లోపల 70, 80 డిగ్రీలు వచ్చాక, ముందు ఒళ్లు కడుక్కుని లోపలికి వెళ్లండి. చెక్క మెట్ల మీద కింద గుడ్డ పరుచుకుని కూర్చోవాలి. పై మెట్టు వేడి, కింది మెట్టు గోరువెచ్చన. పిల్లలూ కొత్తవారూ కిందే.

చెక్క గరిటెతో కొద్దిగా నీళ్లు రాళ్ల మీద చల్లండి. చుయ్యిమని లేచే ఆవిరిని 'లొయిలు' అంటారు. ఆ మాటకు చాలా పాతకాలంలో ఊపిరి, ప్రాణం అనే అర్థం ఉండేదట. మొదట ముఖానికి మంట తగిలినట్టుంటుంది, ముప్పై సెకన్లలో సర్దుకుంటుంది. మగతనం చూపించుకోవడానికి గరిటె మీద గరిటె పోయకండి. అడిగి పోయడం మర్యాద. పది నిమిషాలు చాలు. చెమట ధారలు కట్టగానే లేచి, చెక్క వంతెన మీదుగా నడిచి, మెట్లు దిగి సరస్సులోకి. తిరిగి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, మళ్లీ లోపలికి. మూడు విడతలు అయ్యేసరికి మాట్లాడాలన్న కోరిక కూడా ఉండదు.

బట్టల గురించి అందరికీ ఉండే సందేహం: ఫిన్లాండ్ వాళ్లు సౌనాలో బట్టలు వేసుకోరు. కుటుంబం కలిసి వెళుతుంది. అతిథులుంటే ఆడవాళ్లు ఒక విడత, మగవాళ్లు ఒక విడత. మీ మొక్కిలో మీరే ఉన్నప్పుడు తువ్వాలు చుట్టుకుంటారో లుంగీ కట్టుకుంటారో మీ ఇష్టం. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ని అడగాలి. మద్యం తాగి సౌనాకు, సరస్సుకు వెళ్లకూడదు.

బర్చ్ రెమ్మల కట్టను నీళ్లలో నానబెట్టి ఒంటికి తట్టుకుంటారు. దాన్ని పడమటి వాళ్లు విహ్త అంటారు, తూర్పు వాళ్లు వస్త అంటారు. ఏది సరైన మాట అన్నది మన పెసరట్టు ఉప్మా తగవులాంటిది, తేలదు. రెమ్మలు యజమానిని అడిగే కోసుకోండి.

సౌనా చల్లారుతున్నప్పుడు ఒక రహస్యం. ఆ గోరువెచ్చని మెట్టు మీద దోశపిండి గిన్నె మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి పొంగుతుంది. చలిదేశంలో పిండి పులియక ఏడ్చే తెలుగువాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

నీళ్లలోకి దిగే ముందు

ఏడాదిలో మొదటిసారి సరస్సులో మునగడాన్ని ఫిన్నిష్‌లో 'చలికాలపు బొచ్చుకోటు విసిరేయడం' అంటారు. విసిరేయండి కానీ తలకిందులుగా దూకకండి. నీళ్లు ముదురు టీ రంగులో ఉంటాయి, అడుగున బండలు కనబడవు. ఆ రంగు మురికి కాదు, బురదనేలల నుంచి వచ్చిన ఆకుల కషాయం. మెట్లు పట్టుకుని దిగి లోతు చూసుకోండి. షాంపూ, సబ్బు సరస్సులో వాడకూడదు. ఒడ్డుకు దూరంగా నేల మీద పోసుకోవాలి.

ఎండలు ముదిరినప్పుడు నీళ్ల మీద పచ్చటి తెట్టు కడితే అది విషపు నాచు కావచ్చు. కర్రతో పైకెత్తి చూడండి: కర్రకు పోగులుగా వేలాడితే మామూలు నాచు, విరిగి నీళ్లలో కలిసిపోతే ఆ విషపుదే. ఆ రోజు ఈత లేదు, ఆ నీళ్లు సౌనా రాళ్ల మీద కూడా పోయకూడదు.

పడవ ఎక్కితే ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి. ఒడ్డున నిశ్చలంగా కనిపించే సరస్సు నడిమధ్యలో అలలు లేపుతుంది. గేలం, దారం, కొక్కెం ఉన్న మామూలు కర్రతో చేపలు పట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దారం చుట్టే చక్రం, మెరుపు ఎర ఉన్న గేలమైతే 18 నుంచి 69 ఏళ్ల వారు ప్రభుత్వానికి రుసుము కట్టాలి. నాకు ఇంతవరకు పడింది రెండు పెర్చ్ చేపలే, అదీ మూడు వేసవుల్లో.

వంట

ఆ ఊరి దుకాణంలో దొరికేవాటితో వండుకుంటే ప్రయాణం తేలిక. జూన్ చివర నుంచి వచ్చే కొత్త బంగాళాదుంపలను తొక్కతోనే ఉడికించి, వెన్న, సోయకూర వేసి తింటారు. అవును, మన సోయకూరే. ఫిన్లాండ్ వేసవి వాసన ఏమిటంటే అదే అంటాను. ముయిక్కు అనే వేలెడంత చేపలను రై అనే ధాన్యపు పిండిలో దొర్లించి వెన్నలో వేయిస్తారు, ముల్లుతో సహా నమిలేయవచ్చు. నిప్పుల మీద సాసేజీ కాల్చి ఆవముద్దతో తినడం అక్కడి జాతీయ అలవాటు. శాకాహారులకు పుట్టగొడుగులు, తాజా బఠాణీ కాయలు, స్ట్రాబెర్రీలు ఉన్నాయి. బఠాణీలను వండరు, సంతలో కొని వేరుశనక్కాయల్లా ఒలుచుకుంటూ తింటారు.

పాత మొక్కిల పెరట్లో రబార్బు చెట్టు ఉంటుంది: ఏనుగు చెవుల్లాంటి ఆకులు, ఎర్రటి కాడలు. ఆకులు విషం, పారేయండి. కాడలు మామిడికాయకు తీసిపోని పులుపు. కందిపప్పు ఒక కిలో వెంట తెచ్చుకుంటే చాలు, కాడలు ముక్కలు కోసి పప్పులో వేసి, ఎండుమిరపకాయల తాలింపు పెట్టండి. చింతపండు గుర్తుకు రాదు.

ఇక దోశ. ఆరుబయట కట్టెల మంట మీద పెట్టే పెద్ద ఇనుప పెనం చాలా మొక్కిల్లో ఉంటుంది. దాని మీద గోధుమపిండి, పాలు, గుడ్డు కలిపిన పల్చటి అట్లు పోస్తారు. అంచులు కరకరలాడతాయి, జల్లెడలా కన్నాలు పడతాయి. మా అమ్మ ఆ పెనాన్ని ఉల్లిపాయతో రుద్ది, సౌనాలో పులిసిన పిండి పోసింది. పక్క మొక్కి పెద్దాయన కట్టెలు చూపించే నెపంతో వచ్చి మూడు దోశలు తిన్నాడు. ఆయనకు తెలుగు రాదు, అమ్మకు ఫిన్నిష్ రాదు. ఇద్దరూ పెనం గురించే మాట్లాడుకున్నారని నా నమ్మకం.

ఒక హెచ్చరిక: అడవి మంటల హెచ్చరిక అమల్లో ఉన్న రోజుల్లో బయట నిప్పు పెట్టడం నిషేధం, సొంత స్థలంలోనైనా సరే. వాతావరణ శాఖ సైటులో చూసుకోండి. మిగతా రోజుల్లో కూడా పొయ్యి కోసం కట్టిన చోటే వెలిగించాలి.

అడవి అందరిదీ, పెరడు ఎవరిది వారిది

ఎవరి అడవిలోనైనా నడవవచ్చు, పళ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. ఈ దేశంలో తరతరాలుగా ఉన్న హక్కు ఇది. పొలాలు తొక్కకూడదు, కొమ్మలు విరవకూడదు, ఇంకొకరి మొక్కి పెరట్లోకి పోకూడదు. జూలై నడుమ నుంచి ముస్తిక్క అనే నీలి పళ్లు వస్తాయి. మన నేరేడు పళ్లలా నాలుక రంగు మారుస్తాయి. బురదనేలల్లో బంగారు రంగు మేఘపళ్లు పండుతాయి, కానీ అవి ఎక్కడ కాస్తాయో స్థానికులు కన్నకొడుక్కి కూడా చెప్పరు. పుట్టగొడుగుల్లో పసుపురంగు కాంతరెల్లి తప్ప వేరేవి తెలిసినవారు పక్కన లేనిదే ముట్టకండి. ప్రాణం తీసేవి అదే అడవిలో ఉన్నాయి.

పాము ఒకటే విషపుది, వీపు మీద వంకర గీత ఉంటుంది. దానికి చట్టరక్షణ ఉంది, చంపకూడదు. రబ్బరు బూట్లు వేసుకుని అడుగులు గట్టిగా వేస్తే అదే తప్పుకుంటుంది. కరిస్తే కదలకుండా కూర్చుని 112కు ఫోను చేయాలి.

యుహన్నుస్‌కు వెళుతుంటే

జూన్ 20 నుంచి 26 లోపు వచ్చే శనివారం యుహన్నుస్ పండుగ. బాప్తిస్మమిచ్చు యోహాను పేరు మీద వచ్చినా అంతకు ముందు నుంచీ ఉన్న నడివేసవి పండుగ. ముందురోజు సాయంత్రం ఆరింటికి జెండా ఎగరేస్తారు, అది మర్నాడు రాత్రి తొమ్మిదిదాకా దిగదు. గుమ్మానికి అటూ ఇటూ బర్చ్ మొక్కలు నిలబెడతారు, మనం మామిడి తోరణం కట్టినట్టు. ఒడ్డున పెద్ద భోగిమంట వేస్తారు, తేడా ఏమంటే అది నడివేసవిలో, వెలుతురులోనే మండుతుంది. పెళ్లికాని అమ్మాయిలు ఏడు రకాల పూలు కోసి దిండు కింద పెట్టుకుంటే కలలో కాబోయేవాడు కనిపిస్తాడట.

సరుకులు గురువారానికే తెచ్చుకోండి. మేము శుక్రవారం సాయంత్రం తాపీగా వెళితే ఊరి దుకాణం మూసి ఉంది. ఆ పండుగకు మా విందు అటుకులు, అరటిపళ్లు.

మూడో రోజు

మూడో రోజు మధ్యాహ్నం ఎవరికైనా తోచదు. ఫోను తీసి దగ్గర్లో చూడదగ్గవి వెతకడం మొదలవుతుంది. సావొన్‌లిన్న పట్టణం దగ్గరుంటే 1475లో కట్టడం మొదలైన కోట ఒకటి ఉంది, చూసి రావచ్చు. కానీ నాలుగో రోజుకు వాయిదా వేయండి. ఆ రోజుకు మొల్క్కు ఆడండి. 1996లో లాహ్తి దగ్గర పుట్టిన ఆట. 1 నుంచి 12 దాకా అంకెలున్న పన్నెండు కర్రముక్కలను ఒక కర్రతో పడగొట్టాలి. ఒకటే పడితే దాని మీది అంకె, ఎక్కువ పడితే పడినన్ని పాయింట్లు. సరిగ్గా 50 రావాలి; దాటితే 25కి దిగాలి. వరుసగా మూడుసార్లు ఏదీ పడకపోతే ఆట నుంచి అవుట్. మా ఇంట్లో ఈ ఆట వల్ల రెండు రోజులు మాటలు ఆగిన సందర్భం ఉంది.

వాన పడితే ఇంకా మంచిది. చెక్క కప్పు మీద వాన చప్పుడు వింటూ పగలు నిద్రపోండి. మొక్కిలో మరీ ఎక్కువ రోజులుండి మనుషులతో మాట్లాడడం మరచిపోయినవాణ్ని 'మొక్కిహొపెరొ' అంటారు, మొక్కి పిచ్చోడు అని. వారానికి ఆ జబ్బు రాదు. నాలుగో రోజు రాత్రి పదింటికి సరస్సు మీద కుయిక్క పక్షి ఏడుపులాంటి కూత వినబడినప్పుడు, కోట సంగతి మీకే గుర్తుండదు.

బయల్దేరే రోజు

ఉదయమే లేవండి, ఎందుకంటే పని ఉంది. వాడినన్ని కట్టెలు చీల్చి పొయ్యి పక్కన పెట్టాలి. వచ్చేవారికి తొలి సౌనాకు సరిపడా ఉండాలి. సౌనా మెట్లు తోమి తలుపు కాసేపు తెరిచి ఉంచాలి. బూడిద ఇనుప బకెట్టులోకే ఎత్తాలి, నిప్పు రెండు మూడు రోజులు దాగి ఉంటుంది. చెత్త వెంట తీసుకెళ్లాలి. ఖాళీ సీసాలు, డబ్బాలు దుకాణంలోని యంత్రంలో వేస్తే కట్టిన డిపాజిట్ తిరిగొస్తుంది. పడవను ఒడ్డుకు లాగి బోర్లించండి, తెడ్లు లోపల పెట్టండి.

చివరికి బల్ల మీద సందర్శకుల పుస్తకం ఉంటుంది. వెనక్కి తిప్పి చదవండి, ఏళ్ల నాటి రాతలుంటాయి. "అద్భుతం, అమోఘం" అని ఎవరూ రాయరు. తేదీ, గాలి, నీళ్ల వేడి ఎన్ని డిగ్రీలు, పడిన చేపలెన్ని, ఏ పక్షి కనిపించింది. అంతే. మీరూ అలాగే రాయండి. మేము వచ్చేసే రోజు అమ్మ కళ్లజోడు అడిగి తీసుకుని, తెలుగులోనే రాసింది: "ఆగస్టు 9. బావి నీళ్లు తియ్యన. పప్పు ఉడకడానికి ఆలస్యం. దోశ బాగా వచ్చింది. చేపలు సున్నా, మావాడు పట్టాడు కనుక. చెంబు తలుపు వెనక పెట్టాను, ఎవరైనా వాడుకోవచ్చు."